కప్పు కొలత, కాటా తూకం

కొలపాత్ర పదార్థం ఎంత చోటు ఆక్రమిస్తుందో చెబుతుంది, కాటా దాని బరువు చెబుతుంది. ఈ రెంటినీ కలిపేది సాంద్రత. మిల్లీలీటర్లను సాంద్రతతో గుణిస్తే గ్రాములు వస్తాయి, గ్రాములను సాంద్రతతో భాగిస్తే మిల్లీలీటర్లు వస్తాయి.

నీటి సాంద్రత దాదాపు 1. అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లు 100 గ్రాములు తూగుతాయి. నూనె అంతకంటే తేలిక, అందుకే లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ముద్రిస్తారు. లీటరు తేనె మాత్రం సుమారు 1,400 గ్రాములుంటుంది.

పొడి సరుకుల్లో గింజల మధ్య గాలి కూడా చోటు తీసుకుంటుంది. 240 మిల్లీలీటర్ల కప్పులో పంచదార సుమారు 200 గ్రాములు, బియ్యం 190, మైదా 125 గ్రాములు పడతాయి. కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీస్తే అదే మైదా 140 గ్రాములు దాటవచ్చు. జల్లించి, చెంచాతో వదులుగా పోసి, చాకు అంచుతో పైభాగం చదును చేస్తే కొలత నిలకడగా వస్తుంది.

తెలుగు ఇళ్లలోని గిద్ద, సోల, తవ్వ, మానిక కూడా ఘనపరిమాణాలే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ అన్నప్పుడు పాత్ర ఒకటే కనుక తూకం అక్కర్లేదు. కేకు వంటి వాటికి గ్రాముల లెక్కే నమ్మకమైనది.

ఇంట్లో వాడే కప్పుకు పట్టిక తయారుచేయడం తేలిక. ఖాళీ కప్పును కాటా మీద పెట్టి సున్నా చేయాలి. ఒక్కో సరుకునూ మూడుసార్లు నింపి తూచి, సగటు రాసుకోవాలి.