కాఫీ రైతుకు ఆదాయపు పన్ను ఉందా?

(పాడేరులో కాఫీ రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కాఫీ పండు ఎర్రబడే రోజుల్లో మన సంతల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. "డబ్బు బ్యాంకులో వేయించుకుంటే ఇన్‌కంట్యాక్సు వాళ్లు వస్తారు, రసీదు అడిగితే పన్ను పడుతుంది, నేనిచ్చేది చేతిలో పెట్టుకుని వెళ్లిపో" అంటాడు షావుకారు. ఆ భయానికి మనం కిలోకి అతను చెప్పిన ధరే తీసుకుని వచ్చేస్తున్నాం. అందుకే ఈవేళ ఈ పన్ను సంగతి తేల్చుకుందాం. కొండవాళ్లకు పన్ను గొడవ కొత్తదేమీ కాదు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు గీసుకోవడం మీద వేసిన పన్ను ఒక కారణం. అప్పుడు పన్ను నిజంగానే మన మీద పడింది. ఇప్పుడు పడింది భయం.

ముందుగా, పన్ను వేసే హక్కు ఎవరిది? రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా అని వేరువేరుగా ఉన్నాయి. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను కేంద్రానిది, అది కేంద్ర జాబితాలో 82వ అంశం. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్రానిది, అది రాష్ట్ర జాబితాలో 46వ అంశం. మన రాష్ట్రం ఆ పన్ను వసూలు చేయడం లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) కూడా వ్యవసాయ ఆదాయాన్ని పక్కన పెట్టింది. కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు వేరు, నేను చెప్పేవి పాత చట్టానివి; ఈ మినహాయింపు మాత్రం అలాగే ఉంది. రాగులు, సామలు, పసుపు, రాజ్‌మా, మిరియాలు అన్నీ ఇందులోకే వస్తాయి.

కాఫీ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. తోటలో వ్యవసాయం ఎక్కడ ఆగుతుంది, వ్యాపారం ఎక్కడ మొదలవుతుంది అన్నదే ఆ మెలిక. పండు కోసి పండుగానే అమ్మితే అది వ్యవసాయమే. పల్పింగ్ చేసి, కడిగి, ఎండబెట్టి పార్చ్‌మెంటుగా అమ్మినా వ్యవసాయమే. ఎందుకంటే 1942 కాఫీ చట్టం 'క్యూరింగ్' అన్న మాటకు అర్థం చెబుతూ పల్పింగును అందులోంచి తీసేసింది. పార్చ్‌మెంటు పొట్టు తీయించి, గ్రేడు చేయించి గింజగా అమ్మితే అది క్యూరింగ్. అప్పుడు ఆదాయపు పన్ను నిబంధన 7బి వర్తిస్తుంది. మన తోటలో పండించి మనమే క్యూరింగ్ చేసి అమ్మిన కాఫీ మీద వచ్చిన ఆదాయంలో 25 శాతాన్ని వ్యాపారంగా లెక్కేస్తారు. వేయించి పొడి కొట్టి అమ్మితే 40 శాతం. మిగిలింది వ్యవసాయమే.

ఖర్చులన్నీ పోగా ఒక కుటుంబానికి కాఫీ మీద 2 లక్షలు మిగిలిందనుకోండి. పార్చ్‌మెంటుగా అమ్మితే పన్ను లెక్కలోకి వచ్చేది సున్నా. క్యూరింగ్ చేస్తే 50,000. పొడి అమ్మితే 80,000. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. పొడి అమ్మే రైతు కూడా ఆ గీతకు చాలా కింద ఉన్నాడు. అయితే పక్క రైతుల కాఫీ కొని అమ్మితే 7బి వర్తించదు, ఆ లాభమంతా వ్యాపారమే. అడవిలో తానుగా పెరిగి మనం ఏరుకొచ్చేది కూడా చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు. భూమి మీద మనిషి శ్రమ పడితేనే వ్యవసాయం అని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. కొండచీపుర్లు, అడ్డాకులు అమ్ముకుని 4 లక్షలు దాటేవాళ్లు మన గూడేల్లో ఎవరున్నారు గనక!

ఇక స్లాబులు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15. అలా పెరుగుతూ 24 లక్షల పైన 30 శాతం. పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం 12 లక్షలు మించకపోతే 60,000 వరకు రిబేటు వచ్చి పన్ను సున్నా అవుతుంది.

మన ఇళ్లలో టీచర్లు, నర్సులు కూడా ఉన్నారు, ఇది వాళ్లు వినాలి. జీతం లెక్కలో వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేయరు గానీ, రేటు తేల్చడానికి దాన్ని కలుపుతారు. మినహాయింపులు పోగా జీతం 13 లక్షలు, తోట ఆదాయం లక్ష అనుకుందాం. 14 లక్షల మీద పన్ను 90,000. అందులోంచి 5 లక్షల మీద పన్ను, అంటే 5,000 తీసేస్తారు. కట్టేది 85,000, దాని మీద 4 శాతం సెస్సు. తోట లేకపోతే 75,000. తోట ఉన్నందుకు 10,000 పెరిగింది. పదిలో ఉన్న జీతానికి లక్ష తోట ఆదాయం కలిసినా, రిబేటు వల్ల పన్ను పడదు.

"మేం ఎస్టీలం, మాకు పన్నే లేదు" అనే మాట కూడా ఏజెన్సీ ఉద్యోగుల్లో ఉంది. సెక్షన్ 10(26) మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని గిరిజన ప్రాంతాలకు, లడఖ్‌కు మాత్రమే. మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం, మనకు అది లేదు. ఇది న్యాయం కాదని అడగొచ్చు, అడగాలి కూడా. కానీ ఉందనుకుని రిటర్ను వేయకుండా కూర్చుంటే నోటీసు వస్తుంది.

మన డబ్బు నిజంగా పోతున్నది బ్యాంకు దగ్గర. మున్సిపాలిటీలకు దూరంగా ఉన్న పల్లె సాగుభూమిని రోడ్డుకో ప్రాజెక్టుకో తీసుకుంటే వచ్చే పరిహారం మీద పన్ను లేదు. దాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మీద ఉంది. 10 లక్షలకు 7 శాతం చొప్పున ఏడాదికి 70,000 వడ్డీ వస్తుంది. వడ్డీ 50,000 దాటితే బ్యాంకు 10 శాతం, అంటే 7,000 కోసేస్తుంది. పాన్ లేకపోతే 20 శాతం, 14,000. ఈ రైతు కట్టాల్సిన పన్ను సున్నా. ప్రతి ఏప్రిల్‌లో పాన్ నంబరుతో పన్ను కోయవద్దనే డిక్లరేషన్ ఫారం ఇస్తే ఏమీ కోయరు; పాత చట్టం కింద అది 15జి, అరవై దాటినవారికి 15హెచ్. కోసేస్తే జూలై 31 లోగా రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ లేకుండా కోసిన డబ్బు మాత్రం మన పేరున జమ కాదు.

అప్పు కోసం నెట్ సెంటర్లో లేని వ్యాపార ఆదాయం రాయించి రిటర్ను వేయించుకోకండి. పన్ను కట్టినట్టు నమోదైతే పీఎం కిసాన్ 6,000 ఆగిపోతుంది. తోట ఆదాయాన్ని మినహాయింపు ఉన్న ఆదాయం గడిలోనే రాయించండి.

చివరగా మన ఉత్పత్తిదారుల కంపెనీల సంగతి. సభ్యుల కాఫీ కొని క్యూరింగ్ చేసి అమ్మే కంపెనీకి 7బి ఉపయోగపడదు, ఎందుకంటే పండించింది కంపెనీ కాదు. 100 కోట్ల లోపు వ్యాపారం ఉన్న ఈ కంపెనీలకు ఆ లాభంపై నూరు శాతం మినహాయింపునిచ్చిన సెక్షన్ 80పిఎ గడువు 2023-24 ఆదాయంతో ముగిసింది. సహకార సంఘంగా నమోదైతే సభ్యుల పంట అమ్మకంపై 80పి మినహాయింపు ఇంకా ఉంది. ఒకే ఊరి రైతులు, ఒకే పంట, ఒకే పని. నమోదు కాగితాన్ని బట్టి ఒకరికి పన్ను, ఇంకొకరికి లేదు. 80పిఎని తిరిగి తేవాలని సంఘం తరఫున వినతిపత్రం రాస్తున్నాం. కంపెనీల డైరెక్టర్లు ఈ రెండేళ్లలో కట్టిన పన్ను చలానాల నకళ్లు వచ్చే నెల సమావేశానికి తీసుకురండి.