ఈలలు ఎవరికి పడ్డాయి? 'వాచ్‌మెన్' ప్రేక్షకుల గురించి కొన్ని మాటలు



మన దగ్గర వాచ్‌మెన్ అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రంతా మేలుకుని ఉండే మనిషి. నేను మాట్లాడబోయే 'వాచ్‌మెన్' మాత్రం ముసుగులు వేసుకున్న అమెరికన్ హీరోలు. అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన ఈ గ్రాఫిక్ నవల 1986-87లో 12 సంచికలుగా వచ్చింది. 2009లో జాక్ స్నైడర్ దీన్ని సినిమా తీశాడు. మూర్ తన పేరు కూడా వేయొద్దన్నాడు. ఆ సినిమా చూసినవాళ్లు ఏం చూశారు, ఏం చూడలేదు అన్నదే ఇవాళ నా ప్రశ్న.

అమెరికాలో మొదటి వారాంతంలో సుమారు 5.5 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. రెండో వారాంతానికి అది మూడో వంతుకు పడిపోయింది. నవల చదవని చాలామందికి 162 నిమిషాలు బరువయ్యాయి. చదివినవాళ్ల గొడవ వేరు. నవల చివర న్యూయార్క్ మీద పడి లక్షలమందిని చంపేది ఒక వికృత జీవి. సినిమాలో దాని బదులు పేలుళ్లు జరుగుతాయి, నింద డాక్టర్ మన్‌హాటన్ మీద పడుతుంది. ఆ జీవి ఏదని కొందరు కోప్పడ్డారు. ఈ మార్పే నయమని కొందరు వాదించారు.

ఈ గొడవలో పెద్దగా చర్చకు రాని స్పందన ఒకటుంది. అది రోర్‌షాక్ మీద అభిమానం. అతను కుడివాద పత్రిక నమ్మే మనిషి. ఆడవాళ్లన్నా, పేదలన్నా ఏవగింపు. నేరస్థుడని తనకు అనిపిస్తే చాలు, శిక్ష తనే వేస్తాడు. ముసుగు హీరోల్ని నమ్ముకుంటే ఏమవుతుందో హెచ్చరించడానికే మూర్ అతన్ని సృష్టించాడు. కానీ పాఠకుల్లోనే చాలామంది అతన్ని ఆదర్శంగా తీసుకున్నారు. అది చూసి మూర్ ఇబ్బంది పడ్డాడు కూడా. సినిమాతో ఆ అభిమానం ఇంకా పెరిగింది. మా డిపార్ట్‌మెంట్‌లో ఈ సినిమా వేసినప్పుడు అతని జైలు సీన్‌కి ఈలలు పడ్డాయి. ఈల వేసినవాళ్లు చదువుకున్నవాళ్లే, వివక్ష మీద పేపర్లు రాసేవాళ్లే.

ప్రేక్షకులకు అర్థం కాలేదని తేల్చేయడం సులువు. నేనలా అనను. వాళ్లకు చూపించిందేమిటో చూద్దాం. నవల్లో ఒక పేపర్ల బడ్డీ ఉంటుంది. దాని యజమాని బెర్నార్డ్, పక్కన కూర్చుని డబ్బులివ్వకుండా కామిక్ చదివే నల్లజాతి కుర్రాడు, టాక్సీ నడిపే జోయీ అక్కడే తారసపడుతుంటారు. రోర్‌షాక్‌ను జైల్లో పరీక్షించే నల్లజాతి సైకియాట్రిస్టు మాల్కం లాంగ్‌కు ఆరో సంచిక దాదాపు పూర్తిగా దక్కింది. రోర్‌షాక్ చీకటి అతని కాపురంలోకీ చొరబడుతుంది. అయినా పదకొండో సంచికలో, వీధిలో ఇద్దరు కొట్టుకుంటుంటే, వెళ్లొద్దని భార్య బెదిరించినా ఆపడానికి వెళ్తాడు. కాసేపటికి అందరూ చనిపోతారు. బెర్నార్డ్ ఆ కుర్రాణ్ని తన ఒంటితో కాపాడబోతాడు. ఏ శక్తీ లేని మనుషులు చేసిన ఈ పనులే నవలకు ప్రాణమని నా అభిప్రాయం.

థియేటర్లలో ఆడిన సినిమాలో ఆ బడ్డీ దాదాపు లేదు. 215 నిమిషాల తర్వాతి కూర్పులో కొంత తిరిగొచ్చింది. మాల్కం లాంగ్ కొద్ది నిమిషాల్లో వెళ్లిపోతాడు. దెబ్బలాటలు మాత్రం ఎముకలు విరిగే చప్పుడుతో, స్లో మోషన్‌లో సాగుతాయి. వీధి మనుషుల్ని తీసేశాక వీధి గురించి మనం వినేది ఒక్క రోర్‌షాక్ డైరీనే. ఆ డైరీకి వీధంతా మురికి, అక్కడి మనుషులు పురుగులు. వాడల్లోంచి వచ్చిన మనకు ఆ చూపు కొత్తదా?

2019లో హెచ్‌బీఓ సీరియల్ ఆ అభిమానాన్ని నేరుగా తాకింది. అందులో రోర్‌షాక్ ముసుగులు వేసుకున్నది శ్వేత జాత్యహంకారులు. కథ మొదలయ్యేది 1921లో టల్సాలో, శ్వేతజాతి గుంపులు నల్లవాళ్ల గ్రీన్‌వుడ్ పేటను తగలబెట్టిన రోజున. ఆ ఊచకోత గురించి మొదటిసారి ఇక్కడే తెలిసిందని ఎంతోమంది ప్రేక్షకులు చెప్పారు. తమ హీరోని జాత్యహంకారుల చేతిలో పెట్టారని కొందరు అభిమానులు మండిపడ్డారు. వాళ్ల కోపం ముసుగు గురించే. గ్రీన్‌వుడ్‌లో చనిపోయినవాళ్లు ఆ కోపంలో ఎక్కడా లేరు.

1943లో పూనాలో రనడే మీద చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ వీరారాధనను రెండుగా విడదీశారు. గొప్పతనాన్ని మెచ్చుకోవడం తప్పు కాదు, అందులో మన ఆలోచన మన దగ్గరే ఉంటుంది. వీరుడికి లొంగిపోవడం వేరు, అది ఆలోచననే లాగేసుకుంటుంది. ఈల వేయడం వరకు మొదటి రకమే అనుకుందాం. వీధిని కూడా హీరో కళ్లతోనే చూడడం మొదలైతే అది రెండోది.

అందుకే ప్రేక్షకుల మీద పరిశోధన చేసే మిత్రులకు నాదొక విన్నపం. మూలానికి నమ్మకంగా తీశారా అన్న ప్రశ్న దగ్గరే ఆగకండి. కథ తెరకెక్కేటప్పుడు ఎవర్ని దింపేశారో, వాళ్లు లేరన్న సంగతి చూసినవాళ్లలో ఎంతమంది గమనించారో కూడా అడగండి.