కంచంలో కొంచెం తక్కువ

 

మన బ్యాచ్ వాళ్లం కలిస్తే ఒకప్పుడు మార్కుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. అందుకే నాకిచ్చిన ఈ ఐదు నిమిషాలూ తిండి గురించే చెబుతాను. నేను డాక్టరును కాను, ఇంజనీరును. కొలిచి చూసిన సంగతులే చెబుతాను.

దెబ్బ తగిలితే ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. అది శరీరం చేసుకునే మరమ్మతు. దాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పని అయ్యాక అది చల్లారాలి. వయసు మీదపడి, పొట్టలో కొవ్వు చేరేకొద్దీ పూర్తిగా చల్లారదు, నివురు గప్పిన నిప్పులా ఉండిపోతుంది. గుండె జబ్బుకూ మధుమేహానికీ అదీ ఒక కారణమే.

తిండి తగ్గిస్తే ఇది తగ్గుతుందా? అమెరికాలో 218 మంది ఆరోగ్యవంతులతో రెండేళ్లు పరీక్షించారు. వారిలో కొందరిని కేలరీలు 25 శాతం తగ్గించమన్నారు. వాళ్లు తగ్గించగలిగింది సుమారు 12 శాతమే, అంటే రోజుకు దాదాపు 300 కేలరీలు. అయినా వాళ్ల రక్తంలో సీఆర్‌పీ వంటి ఇన్‌ఫ్లమేషన్ సూచికలు తగ్గాయి. రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా మెరుగుపడ్డాయి. వాళ్లలో కొందరిని పరిశీలించి, రోగనిరోధక కణాలను తయారుచేసే థైమస్ గ్రంథిలో కొవ్వు తగ్గిందని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విశ్వదీప్ దీక్షిత్ బృందం 2022లో ప్రకటించింది.

300 కేలరీలంటే మన లెక్కలో ఒక కప్పు అన్నం, ఒక పెద్ద చెంచా నెయ్యి. అంతే.

అయితే ఆ పరీక్షలో 50 ఏళ్లు దాటినవాళ్లు లేరు. తిండి తగ్గించినవాళ్లలో ఎముకల సాంద్రత కొద్దిగా తగ్గింది కూడా. కాబట్టి మనం తగ్గించాల్సింది అన్నం, నూనె, తీపి. పప్పు, గుడ్డు, పెరుగు కాదు. నడక మానకూడదు. షుగరు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తిండి తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లయిన మా గురువులకు ఈ సలహా వర్తించదు. మాస్టారూ, మీరు బలంగా తినండి.

కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. ఈ రోజు భోజనాల దగ్గర మాత్రం "చాలు" అన్నవాడిని వదిలేద్దాం. పదేళ్లకు వజ్రోత్సవం వస్తుంది. అప్పుడూ అందరం ఈ మెట్లు మన కాళ్లతోనే ఎక్కాలి.