“నాకీ సీటు తగదు” అనుకునే పిల్లలు



మెడికల్ సీటు తెచ్చుకున్న పిల్లలకు ఏటా దండలు వేస్తున్నాం. సంతోషమే. దండ వేసిన తర్వాత ఆ పిల్లల సంగతి మనలో ఎవరైనా అడిగామా?

మా బడిలో ఉర్దూ మీడియంలో చదివిన కుర్రాడొకడు ఎం.బి.బి.ఎస్.లో చేరిన మూడో నెలలోనే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. జ్వరమన్నాడు. జ్వరం లేదు. మేము పక్కన కూర్చుని అడగ్గా అడగ్గా చెప్పాడు: “సార్, అక్కడ అందరూ తెలివైనవాళ్లు. నేనే పొరపాటున వచ్చాను. ఏదో రోజు బయటపడుతుంది.” డిసెక్షన్ హాల్లో జవాబు తెలిసి కూడా ఇంగ్లీషుకు జడిసి నోరు విప్పలేదట. ఎవరో “కోటా వాడు” అన్నారట. ఆ మాట ములుకులా దిగబడింది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 నాటి చట్టం ఇచ్చిన 4 శాతం భిక్ష కాదు. ఆ సీటుకైనా నీట్ రాసి ర్యాంకు తెచ్చుకోవలసిందే.

1978లో అమెరికాలో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఈ బాధను గురించే రాశారు. బాగా చదివి పైకొచ్చిన స్త్రీలే, తాము లోకాన్ని మోసగిస్తున్నామని లోలోన కుమిలిపోవడం వారు గమనించారు. తర్వాత మగవారిలోనూ, వైద్య విద్యార్థుల్లోనూ ఇది కనబడింది. మార్కులొస్తే అదృష్టమంటారు, తప్పితే ఇదే మా అసలు రంగంటారు. గడగడా ఇంగ్లీషు మాట్లాడే పక్క పిల్లవాడూ లోపల వణుకుతూ ఉండవచ్చు. చెప్పడు, అంతే.

“ఇంకా మెహనత్ చెయ్యి బేటా” అని మొదట మేము సలహా ఇచ్చాం. తప్పు చేశాం. వాడు అప్పటికే రాత్రి రెండింటి దాకా చదువుతున్నాడు. తర్వాత ఉస్మానియా సంగతి చెప్పాం. 1918లో ఆ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది, 1948కి ముందు అక్కడ వైద్యం కూడా ఉర్దూలో చదివి డాక్టర్లయ్యారు. భాష రాకపోవడం వేరు, బుర్ర లేకపోవడం వేరు. అప్పుడు తలెత్తి చూశాడు.

మేమే వెంటబెట్టుకుని పోయి హాస్టల్లో దింపాం. అక్కడ మనవాడే ఒక హౌస్‌సర్జన్ నవ్వుతూ, “నేను అనాటమీ తప్పాను తమ్ముడూ” అన్నాడు. బస్సులో దారిపొడుగునా మేము చెప్పినదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. కనుక సొసైటీ పెద్దలకు మా మనవి: దండతో పాటు ప్రతి కొత్త విద్యార్థినీ ఒక సీనియర్‌కు అప్పగించండి. నిద్రాహారాలు మానినా, బతుకు మీద విరక్తి మాటలన్నా ఆలస్యం చేయక మానసిక వైద్యుడికి చూపించండి. 14416కి ఫోన్ చేసినా సలహా చెబుతారు.

వాడిప్పుడు రెండో సంవత్సరం. ఈ ప్రసంగంలో నీ సంగతి చెప్పమంటావా అని అడిగితే, “చెప్పండి సార్, పేరు మాత్రం వద్దు” అన్నాడు. చెప్పలేదు.