తోలుపని - తీరిక వేళల హస్తకళ

(బాన్సువాడలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ అనగానే మనకు వీధిదీపములు, మురుగు కాలువలు, మంచినీరు, ఇంటిపన్ను గుర్తునకు వచ్చును. అవి ముఖ్యములే. కాని నేడు నేను వానిని గూర్చి మాటలాడబోవుట లేదు. బడి విడిచిన పిల్లలకును, ఉద్యోగము విరమించిన పెద్దలకును సాయంకాలమున రెండు గంటల తీరిక దొరకును. ఆ తీరికను చేతిపనితో నింపుట యెట్లు అను చిన్న విషయమును మీ ముందుంచ దలచితిని. నేను సూచించు పని తోలుపని.

ఆ మాట వినగానే ఒకరిద్దరు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఆ చూపునకును సమాధానము చెప్పియే ముగించెదను.

మొదట మన ఊళ్ళ సంగతి. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు కాలువల కెక్కినది. కాలువ అందిన పొలములు పండినవి. కాలువ అందని మెట్టపొలములకు మోటబావియే దిక్కయ్యెను. ఎద్దులు బాటను దిగుచుండగా నిండిన మోట పైకి వచ్చి, తోలు తొండము గుండ నీరు తొట్టిలో పడెడిది. ఆ తొండమును కుట్టినవారు మన మాదిగ సోదరులు. కుట్టు సడలినచో నీరు కారిపోవును, మడి యెండును. కనుక మన తాతలు తిన్న అన్నములో ఆ కుట్టునకు భాగ మున్నది. కిర్రు చెప్పులు, ఎద్దుల మువ్వల పట్టెడలు, డప్పు, ఇవన్నియు ఆ చేతులనుండి వచ్చినవే. పిమ్మట కరెంటు మోటారు వచ్చినది, మోట పోయినది. ప్లాస్టిక్ చెప్పులు వచ్చినవి, కిర్రు చెప్పులు పోయినవి. ఈ విద్య నేడు కొలది మంది వృద్ధుల చేతులలో మాత్రమే మిగిలి యున్నది.

ఇక పని వివరములు చెప్పెదను. తోలు అన్నియు నొకటి కావు. పచ్చితోలు కుళ్ళిపోవును. దానిని కుళ్ళకుండ చేయుటనే పదును చేయుట అందురు. ఇందుకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. మొదటిది చెట్లచెక్కతో చేయునది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ, వీనిలో వగరు గల పదార్థము మెండుగా నున్నది. పూర్వము తోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలు తీసి, సంచివలె కుట్టి, చెక్కరసముతో నింపి వ్రేలాడదీసెడివారు. పని ముగియుటకు వారములు పట్టును. బతుకమ్మలో మన ఆడపడుచులు పేర్చు తంగేడు, మన రాష్ట్ర పుష్పమైన తంగేడు, తోలునకు ఆయువు పోసిన చెట్టు కూడ! రెండవది క్రోమియము లవణములతో కర్మాగారములలో చేయునది. త్వరగా ముగియును, తోలు మెత్తగా వచ్చును. నేడు ప్రపంచములో అధికభాగము తోలు ఇట్టిదే.

తోలుపై నగిషీ చెక్కుటకు చెట్లచెక్కతో పదును చేసిన తోలే కావలయును. తడిసి ఆరిన తరువాత కూడ అది అద్దిన ముద్రను నిలుపుకొనును. క్రోమియము తోలు రబ్బరువలె మరల పైకి లేచును. కొనునప్పుడు అంచు కోసి చూడుడు. లోపల నీలి బూడిదవన్నె కనబడినచో అది క్రోమియము తోలు. గోధుమవన్నె యుండి, నీటిచుక్క వేయగానే పీల్చుకొని నల్లబడినచో అది మనకు పనికివచ్చునది. తోలును ఇంటివద్ద పదును చేయ బూనవలదు. ఆ నీరు చెరువునకు, బావికి చేటు. పదునైన తోలునే కొనుడు.

పనిముట్లు ఒక చేసంచిలో ఇమిడిపోవును. కోయుటకు రంపె, రంధ్రములకు ఆరె, రెండు సూదులు, గట్టి నూలుదారము, తేనెమైనము, కొయ్యసుత్తి, ఇనుప స్కేలు. ముద్రలు కొననక్కరలేదు. పెద్ద మేకుల కొనలను ఆకురాయితో అరగదీసి, చుక్క, చంద్రవంక, ఆకు ఆకారములుగ మన కమ్మరియే చేసియీయగలడు.

చెక్కు విధానము వినుడు. తోలును స్పాంజితో తడిపి కొంతసేపు ఉంచవలెను. పైన పూర్వపు వన్నె తిరిగి వచ్చుచు, ముట్టినచో చల్లగా నున్నప్పుడే అది పనికి సిద్ధము. మిక్కిలి తడిగా నున్న ముద్ర నిలువదు. ఎండిపోయిన ముద్ర దిగదు. కాగితముపై గీసిన బొమ్మను తోలుపై నుంచి, సిరా అయిపోయిన బాల్‌పాయింట్ కలముతో గీటుగా దిద్దవలెను. ఆ గీటును చిన్నకత్తితో తోలు మందములో సగమునకు మించకుండ కోయవలెను. పిదప గీటు వెలుపలి ప్రక్కను ముద్రతో అణచినచో లోపలి పువ్వు తనంత పైకి లేచినట్లు కానవచ్చును. ఇందలి రహస్యమంతయు ఇదియే: పువ్వును ఎత్తుట లేదు, చుట్టునున్న నేలను అణచుచున్నాము. తరువాత నీడను ఆరనిచ్చి, రంగు వేసి, కొంచెము నూనెయో మైనమో రుద్దవలెను. అంచులను తడిచేసి నున్నని కఱ్ఱతో రాచినచో అద్దమువలె మెరయును.

కుట్టు రెండు సూదుల కుట్టు. ఒకే దారమునకు ఇరుకొనల రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రమున రెండు వైపులనుండి రెండింటిని దూర్చవలెను. ఎక్కడనైన ఒక పోగు తెగినను రెండవ పోగు పట్టియుంచును. యంత్రపు కుట్టున కీ బలము లేదు.

మొదట చేయదగినవి చిన్న వస్తువులు. పుస్తకములో ఉంచుకొను గుర్తుపట్టీ, తాళపుచెవుల గుత్తికి బిళ్ళ, అటుపైన కళ్ళద్దముల ఒర. చేయి తిరిగిన తరువాత మేకపోతునకు గంట పట్టెడ, వరికోతల కొడవలికి ఒర చేయవచ్చును. సైకిలుపై కొడవలి కట్టుకొని పోవునప్పుడు ఒర లేక ఎందరు గాయపడుచున్నారో మీ రెరుగుదురు. కొడవలి ఒరను కుట్టునప్పుడు వంపు వెంబడి నడుమ సన్నని తోలుపట్టీ ఉంచవలెను. లేనిచో పదును దారమును కోసివేయును. తడి కొడవలిని తుడిచిన పిదపనే ఒరలో నుంచవలెను. పిల్లలు కత్తి పట్టునప్పుడు పెద్దలొకరు దగ్గర నుండుట తప్పనిసరి.

ఇది గౌరవము గల కళయేనా యని సందేహించువారికి మూడు నిదర్శనములు చెప్పెదను. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పారదర్శకముగా చేసి, ఉలులతో సన్నని రంధ్రములు తొలిచి, రంగులద్ది, బొమ్మలేగాక దీపపు తొడుగులు కూడ చేయుచున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. బెంగాలులో రవీంద్రనాథ ఠాకూరు 1922లో నెలకొల్పిన శ్రీనికేతనమున ఆయన కుమారుడు రథీంద్రనాథుడు, కోడలు ప్రతిమాదేవి తోలుపై నగిషీపనిని ప్రోత్సహించిరి. శాంతినికేతనపు తోలుసంచులు నేటికిని ప్రసిద్ధములు. దక్షిణాఫ్రికాలో 1910లో స్థాపించిన టాల్‌స్టాయ్ క్షేత్రమున గాంధీమహాత్ముడు మిత్రుడైన కాలెన్‌బాక్ వద్ద చెప్పులు కుట్టుట నేర్చెను. తన్ను చెరసాల పాలుచేసిన జనరల్ స్మట్స్‌కు 1914లో ఒక జత చెప్పులు కానుకగా నిచ్చెను. స్మట్స్ వానిని ఎన్నో వేసవులు తొడిగి, 1939లో గాంధీజీ డెబ్బదియవ జన్మదినమునకు గౌరవముతో తిరిగి పంపెను. బారిస్టరు చదివిన చేతులకు తోలుపని తక్కువ కానప్పుడు, మన పిల్లల చేతులకు ఎట్లు తక్కువ యగును?

ఇక మొదటి చూపునకు సమాధానము. ఒక ఊరిలో మోట తొండములు కుట్టిన వృద్ధుని కలిసి, పిల్లలకు వారమున కొకనాడు నేర్పుదువా తాతా, యని అడిగితిని. ఆయన కూలి యెంత యని అడుగలేదు. తోలు ఎవరు కొనెదరని అడుగలేదు. నెమ్మదిగా, "పిల్లలు నా పక్కకు కూసుంటరా సారూ?" అని అడిగెను. నాకు వెంటనే నోట మాట రాలేదు. చచ్చిన పశువు తోలును చెప్పుగా, తొండముగా మార్చి మన కిచ్చిన చేతులను మనము ఊరి వెలుపల నుంచితిమి. దొరల కాలమున ఆ చేతులచేత చెప్పులు, మోటలు వెట్టికి చేయించుకొంటిమి. అస్పృశ్యతను మన రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దుచేసినది. కాని చట్టము కాగితముపై రద్దుచేసినదానిని ఊరిలో రద్దుచేయవలసినవారు మీరే.

కనుక నా విన్నపము లివి. పంచాయతీ తీర్మానము చేసి, బడిలోనో గ్రంథాలయములోనో వారమున కొక సాయంకాలము తోలుపనికి కేటాయింపుడు. ఊరిలో ఈ పని తెలిసిన పెద్దను గురువుగా పిలువుడు. ఆయనకు ఇచ్చు గౌరవవేతనమును తీర్మానములోనే వ్రాయుడు. నెల నెల చేతికి అందించుడు. పిలిచి ఉచితముగా నేర్పించుకొన్నచో అది పేరు మార్చుకొన్న వెట్టియే. అన్ని వాడల పిల్లలు, మగపిల్లలు ఆడపిల్లలు అను భేదము లేక, ఒకే చాపపై కూర్చుండవలెను. మాదిగ వాడ పిల్లలే వచ్చి తక్కినవారు రాకున్నచో మనము చేసినది తరగతి కాదు, పాత గీతను మరల గీయుటయే. మొదటి దినమున సర్పంచిగారి బిడ్డయు, సభ్యుల బిడ్డలును ముందుగా వచ్చి కూర్చుండినచో తక్కినవారు తామే వచ్చెదరు.

ఈ పనివలన ధనవంతులగుదురని నేను చెప్పను. ఇది తీరిక వేళల పని. కంటికి కుదురు, చేతికి నేర్పు, మనస్సునకు ఓర్పు అలవడును. వీనికి మించి, ఆరె పట్టుకొని ఒక చిన్న బిళ్ళను చక్కగా కుట్టలేక అవస్థపడిన పిల్లవాడు తొండము కుట్టిన తాతను జన్మలో చులకన చేయడు. ఆ తాత ప్రశ్నకు నేనా దినమున సమాధానము చెప్పలేకపోతిని. నా పక్షమున మీరు చెప్పెదరని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.

జై హింద్.