బాలుర వాక్కు

మన బాలురకుఁ బలకలు, పుస్తకములు, విద్యార్థివేతనములు సమకూర్చుచున్నాము, సంతోషమే. కాని మొన్న మేమొక ప్రాథమిక పాఠశాలకుఁ బోయి, రెండవ తరగతి బాలుని "నిన్న సంతలో ఏం చూశావురా?" అని యడుగఁగా, వాఁడు చేతులు కట్టుకొని నిలిచెనేకాని నోరు విప్పఁడయ్యెను. ఇంటికడ వాఁడు వసపిట్టయఁట! ఇంటిమాట బడిలోఁ దప్పని యెవరో వానికి నేర్పిరి కాఁబోలు.

గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పి కథలకుఁ బెద్దపీట వేసెను. కథ వినిన శిశువు "తరువాత?" అనును, భాషణము మొదలగుట యచ్చటనే. 2020 నాఁటి జాతీయ విద్యావిధానమును, సాధ్యమైనచో నైదవ తరగతి వఱకైన నింటిభాషలో బోధింపవలెననెను.

కావున వారమున కొకగంట మన యిండ్ల యవ్వలను బడికిఁ బంపుదము. వారు కథ చెప్పవలెను. పిల్లలు దానిని మరలఁ జెప్పవలెను. నడుమ నుపాధ్యాయుఁడు తప్పులు దిద్దరాదు. ఆ యవ్వల ఆటోబాడుగ సంఘనిధినుండి యిప్పింపవలెనని మేము ప్రతిపాదించుచున్నాము.