హోటలు సామాను కొనేముందు

(రాజంపేటలో పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు కూడిన సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల కేంద్రం పక్కన టీ, టిఫిను హోటలు పెట్టుకోవాలన్న ఆలోచన ఈ మధ్య మన సంఘాలలో చాలామందికి కలుగుతున్నది. కడప నుంచి రేణిగుంట పోయే రోడ్డు మీద రాత్రింబగళ్ళు బండ్లు తిరుగుతున్నవి. తాళ్ళపాకకు, నందలూరు సౌమ్యనాథస్వామి గుడికి యాత్రికులు వస్తున్నారు. పాలు మన దగ్గరే ఉన్నవి. ఇక ఆలస్యమెందుకని మీరు అడుగుతున్నారు. ఆలోచన మంచిదే. దానికి మేము అడ్డు చెప్పబోవడం లేదు. కానీ లెక్కల తనిఖీకి పోయినచోట్ల మాకు కనిపించిన సంగతి ఒకటుంది. సంఘం హోటలు చెడిపోయేది వంట రుచి లేక కాదు. తలుపు తెరవకముందే, సామాను కొన్ననాడే చెడిపోతుంది. అందుచేత ఈ పూట సామాను గురించి మాత్రమే నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఈ డబ్బు ఎవరిదో ముందు గుర్తు చేసుకుందాము. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్ళలో మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, పాడి పశువులు కొట్టుకుపోయాయి. కొట్టంలో ఉన్న ఒక్క ఎనుమును పోగొట్టుకుని, మళ్ళీ అప్పు చేసి ఇంకొకటి తెచ్చుకున్న ఇల్లాలు పోసిన పాలలోనుంచి మిగిలినదే సంఘం మిగులు. ఆమెకు రావలసిన బోనసును మనం పెనముగా, ఫ్రిజ్జుగా మారుస్తున్నాము. ఆ పెనం ఆమెకు తిరిగి ఏమి ఇస్తుందో చెప్పలేకపోతే దానిని కొనే హక్కు మనకు లేదు.

మొదటి మాట: అమ్మకం లెక్క ముందు, సామాను తరువాత

సామాన్యంగా జరిగేది దీనికి తలకిందులు. ఇద్దరు డైరెక్టర్లు పట్నం పోతారు. అంగడివాడు మెరిసే సామాను చూపిస్తాడు. రెండువందల ఇడ్లీల పాత్ర, పది లీటర్ల గ్రైండరు, గాజు తలుపుల ఫ్రిజ్జు బండెక్కుతాయి. ఊరికి వచ్చిన తరువాత చూస్తే దినానికి అరవై ఇడ్లీలు కూడా అమ్ముడుపోవు. అరవై ఇడ్లీలకు రెండువందల పాత్ర పెడితే మిగిలేది ఇత్తడి బరువు, గ్యాసు ఖర్చు.

లెక్క ఎలా వేయాలో ఉదాహరణగా చెబుతాము. దినానికి 300 కప్పుల టీ పోతుందనుకోండి. కప్పు 100 మిల్లీలీటర్లు. లీటరు పాలకు అర లీటరు నీళ్ళు పోసి కాచితే, ఆవిరి పోగా పదమూడు పద్నాలుగు కప్పులు వస్తాయి. అంటే సుమారు 22 లీటర్ల పాలు. ఒక నలభై లీటర్ల క్యాను, పది లీటర్ల గిన్నెలు రెండు, ఒక బర్నరు చాలు. దోసెలు నూరు పోతాయనుకుంటే, దోసెకు 90 గ్రాముల పిండి చొప్పున తొమ్మిది కిలోలు కావాలి. దానికి బియ్యం, మినప్పప్పు కలిపి మూడు కిలోలకు కాస్త పైన నానబోస్తే సరిపోతుంది. ఇలా ప్రతి వస్తువుకూ కాగితం మీద వేసుకోండి. పండుగనాడు పోయే లెక్క కాదు, మామూలు మంగళవారం పోయే లెక్క వేయండి. పండుగకు పెద్ద గుండిగలు అద్దెకు దొరుకుతాయి.

రెండవ మాట: మనం ఏమి వండుతామో దానికి తగిన సామాను

గుజరాతులోని ఆనంద్‌లో జరిగిన సంగతి సహకారులందరూ తెలుసుకోదగినది. బర్రె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చి చెప్పారు. అక్కడి ఇంజనీరు హెచ్.ఎం. దలాయా మాత్రం బర్రె పాలను పొడిచేసి చూపించాడు. మన పాలకు తగినట్లు యంత్రాన్ని సర్దాలే గాని, యంత్రానికి తగిన పాలకోసం వెతకరాదు. వంటింటికీ అదే సూత్రం.

మన సీమలో తినేది రాగి సంగటి, ఎర్రకారం దోసె, చెనిక్కాయల చట్నీ, ఉగ్గాని. సంగటి కెలికేటప్పుడు పాత్ర అడుగు మీద పడే బలం తక్కువది కాదు. పలుచని గిన్నె సొట్టపోతుంది, అడుగంటుతుంది. దానికి మందమైన అడుగు, గట్టి చెవులు ఉన్న పాత్ర కావాలి. దోసె పెనం కూడా మందమైన ఇనుపదే కావాలి. పలుచని పెనం వెంటనే వేడెక్కుతుంది, పిండి పడగానే చల్లారుతుంది. మందమైనది వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి పదో దోసె కూడా మొదటిదానివలెనే వస్తుంది. పెనం పొడుగు బర్నరు మంటకు మించితే అంచులలో దోసె కాలదు. అప్పుడు ఆ అంచులకు పెట్టిన డబ్బు దండుగే.

మూడవ మాట: ఏ లోహం దేనికి

స్టీలు అన్నదంతా ఒక్కటి కాదు. 304 రకంలో సుమారు నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. పాలకు, పెరుగుకు, చింతపండు పులుసుకు ఇది తట్టుకుంటుంది. 202 రకంలో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు. ధర తక్కువ, ఉప్పునీళ్ళకు, పులుపుకు తొందరగా మచ్చపడుతుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్ముతారు. ఇది సరి కాదు. 304కూ అంటుకోదు, 202కూ అంటుకోదు. కనుక అయస్కాంతం మనకు సాక్షి కాదు. బిల్లు మీద రకం నంబరు రాయించుకోవడమే సాక్షి. రాయనంటే ఇంకొక అంగడి చూసుకోండి. అన్నీ 304 కానక్కరలేదు. పాలు, పెరుగు, పులుసు తగిలేవి మాత్రం దానిలో తీసుకుని, బల్లలు, అరలు తక్కువ రకంలో తీసుకోవచ్చును.

మనవాళ్ళు సిల్వరు అనే అల్యూమినియం పాత్రలు తేలిక, చవక. అన్నానికి, నీళ్ళు కాచడానికి బాగుంటాయి. పులుసు, పెరుగు, ఊరగాయ వాటిలో నిలవ ఉంచరాదు. చాకలిసోడా, కాస్టిక్ సోడా వేసి తోమరాదు, లోహమే కరుగుతుంది.

ఇత్తడి, రాగి మన తాతలనాటివి. కళాయి ఉన్నంతకాలం మంచివే. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మజ్జిగ ఉంచితే కిలుము దిగుతుంది, కడుపు చెడుతుంది. పాత టీ బాయిలరు చవకగా వస్తున్నదని కొనేవారు మొదట లోపల దీపం వేసి చూడాలి. కళాయి వేయించేటప్పుడు సీసం కలిపిన తగరం వాడకుండా దగ్గర నిలబడాలి. మన నీళ్ళు గట్టివి. బాయిలరు లోపల సున్నపు పొర కట్టి గ్యాసు ఎక్కువ తాగుతుంది. నెలకొకసారి నిమ్మ ఉప్పు నీళ్ళు కాచి పొర తీయాలి. లోపలికి చెయ్యి పోని బాయిలరును శుభ్రం చేయలేము, కొనరాదు.

పాలు పోసే ప్రతి పాత్రకూ ఇదే పరీక్ష. మూలలు, అతుకులు, మడతలు ఉన్నచోట పాల జిడ్డు నిలుస్తుంది, మరునాటి పాలు విరుగుతాయి. కేంద్రంలో క్యాను వాసన చూసి పాలు తీసుకునే మీకు ఇది వేరే చెప్పవలసిన పని లేదు.

నాలుగవ మాట: గ్యాసు, చల్లదనం, తూకం

హోటలుకు 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి. ఇంటికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరు పెడితే కేసు అవుతుంది, సంఘం పేరు చెడుతుంది. గ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలబారున పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరును గుంటలో, నేలమాళిగలో పెట్టరాదు. గోడ కింది భాగంలో గాలి పోయే రంధ్రాలు ఉండాలి. రబ్బరు గొట్టం మీద గడువు ముద్ర చూసి మార్చాలి.

ఫ్రిజ్జు విషయంలో మన ఎండలు మరిచిపోరాదు. పాలు 4 డిగ్రీల దగ్గర ఉంటేనే నిలుస్తాయి. గాజు తలుపు ఫ్రిజ్జు చూడడానికి అందంగా ఉంటుంది. కానీ పదేపదే తలుపు తీస్తే, గోడకు ఆనించి పెడితే, బయట 40 డిగ్రీలు దాటిన వేసవిలో దానికి ఆ చల్లదనం అందదు. చుట్టూ జానెడు సందు విడవండి. లోపల ఒక థర్మామీటరు వేలాడదీయండి. ఒక క్యాను పాలు విరిగిన నష్టం ముందు దాని ధర చిన్నది. విద్యుత్తు వాడకానికి నక్షత్రాల చీటీ చూడండి. స్టెబిలైజరు తప్పదు.

త్రాసు, లీటరు కొలతలు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నవే వాడాలి. ఎలక్ట్రానిక్ త్రాసుకు ఏటేటా ముద్ర వేయించాలి. పాలు పోసేవారిని కొలిచే సంఘం, తాను అమ్మేటప్పుడు కొలత తప్పితే ఎవరు నమ్ముతారు?

ఐదవ మాట: సరకులు

బియ్యం, మినప్పప్పు, కందిపప్పు, మిరపకాయలు వారానికి సరిపడా చాలు. గిట్టుబాటు ధరని ఆరు నెలలకు కొంటే పురుగు, ఎలుక, తేమ మనకంటే ముందు తింటాయి. ముందు వచ్చిన మూటను ముందు విప్పాలి. సరకు నేలమీద కాకుండా చెక్క అరల మీద ఉంచాలి. చెయ్యేటి వరద చూసినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. అరువు ఇచ్చే అంగడివాని దగ్గర ధర అడిగే ధైర్యం పోతుంది. రొక్కానికి కొనండి.

నూనెను మళ్ళీమళ్ళీ కాచరాదు. ధ్రువ పదార్థాలు నూటికి 25 పాళ్ళు మించిన నూనె వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి ఉన్నది. నల్లబడి, నురుగు కట్టి, పొగ తొందరగా వచ్చే నూనెను పారబోయడమే మంచిది. బజ్జీలు వార్తాపత్రికలో కట్టి ఇవ్వరాదు, అచ్చు సిరా తిండికి అంటుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. స్టీలు గ్లాసులు, అరిటాకులు పెట్టుకోండి. కోడూరు అరటి తోటలు మనకు దూరం కాదు. ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషనో లైసెన్సో తీసుకుని, ఆ 14 అంకెల నంబరు బిల్లు మీద వేయాలి.

ఆరవ మాట: పుస్తకాలు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో హోటలు నెలకు ఇరవై వేలు లాభం చూపింది. పేరు చెప్పము. పాలకవర్గం సంతోషపడింది. పుస్తకాలు తిరగవేస్తే టీకి వాడిన పాలు ఖర్చులో లేనే లేవు. మన పాలే గదా అని క్యాను ఎత్తి పోసుకున్నారు. దినానికి 22 లీటర్లు, లీటరు 50 రూపాయల చొప్పున 1,100 రూపాయలు. నెలకు 33,000. అంటే ఇరవై వేల లాభం నిజానికి పదమూడు వేల నష్టం. ఆ నష్టాన్ని పాలు పోసినవారు తమకు తెలియకుండానే భరించారు. హోటలుకు పోయే ప్రతి లీటరుకూ సంఘం ధర కట్టి బిల్లు రాయండి. ఆ తరువాత మిగిలినదే లాభం.

సామాను అరుగుదల కూడా ఖర్చే. 1,20,000 రూపాయల సామాను ఐదేండ్లు వస్తుందనుకుంటే నెలకు 2,000 రూపాయలు పక్కన పెట్టాలి. లేకపోతే ఆరో ఏట గ్రైండరు ఆగిన దినం మళ్ళీ బోనసు మీద చెయ్యి పడుతుంది.

కొనుగోలుకు ముందు తీర్మానం, కనీసం మూడు కొటేషన్లు, పన్ను బిల్లు, గ్యారంటీ కార్డు, డెడ్ స్టాకు రిజిస్టరులో నమోదు ఉండాలి. కొటేషన్లు మూడూ ఒకే అంగడి మనిషి తెచ్చి ఇస్తే అవి మూడు కావు, ఒకటే. బైలాలు అనుమతించనిదే రిజర్వు నిధిని ముట్టరాదు. అంగడివాడు ఇచ్చే బహుమతి గ్లాసుల సెట్టు కూడా సంఘానిదే, డైరెక్టరుగారి ఇంటిది కాదు.

ఇవన్నీ విని, ఇంత తతంగమా అని వెనుకాడవద్దు. ఇంకొకచోట పదిమంది పాలు పోసే ఆడవారు రెండు బర్నర్లు, ఒక మందపాటి పెనం, నాలుగు గిన్నెలతో మొదలుపెట్టారు. గ్రైండరు కూడా కొనలేదు, పిండి అద్దె గ్రైండరులో ఆడించుకున్నారు. దినం చిట్టా రాశారు. గ్రైండరు అద్దె నెలకు ఎంత పోతున్నదో ఆ చిట్టాలో కనిపించిన తరువాతనే గ్రైండరు కొన్నారు. దానికి కావలసిన డబ్బు అప్పటికి హోటలే సంపాదించింది. ఫ్రిజ్జు రెండో ఏట వచ్చింది. మా దృష్టిలో కొనుగోలుకు సరైన వరుస ఇదే. అవసరం చిట్టాలో కనిపించాలి, తరువాత వస్తువు గడప దాటాలి.

కనుక మీరు ఊళ్ళకు పోయిన తరువాత మొదట చేయవలసినది పట్నం ప్రయాణం కాదు. ఒక వారం రోజులు కేంద్రం ముందు కూర్చుని, ఏ వేళకు ఎంతమంది ఆగుతారో, ఏమి అడుగుతారో రాయండి. ఆ కాగితాన్ని సర్వసభ్య సమావేశంలో చదవండి. పాలు పోసేవారు ఔనంటే, కొనవలసిన సామాను జాబితా దానిలోనుంచే వస్తుంది. ఆ జాబితా తీసుకుని మా కార్యాలయానికి వస్తే, వస్తువు వస్తువుకూ కూర్చుని చూడడానికి మేము సిద్ధంగా ఉన్నాము.